సగం గోలి

మోకాలి ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాక భూలక్ష్మికి మధ్యాహ్నాలు గడవడం కష్టమయింది. పొద్దున పూట ఫర్వాలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి కాలు వంచి, చాపి, ఏడిపించి వెళ్ళేది. మనవరాలు సహస్ర బడికి పోయే హడావిడి ఉండేది. ఆ తర్వాత అల్మాస్‌గూడలోని ఆ మొదటి అంతస్తు ఇంట్లో ఆమె, ఆమె వాకరు మాత్రమే మిగిలేవి. కొడుకు నరేష్‌కుమార్, కోడలు విజయశ్రీ ఇద్దరూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న చీరల దుకాణానికి వెళ్ళిపోయేవాళ్ళు.

అప్పుడు ఆమెకు దొరికిన కాలక్షేపం కోడలి లైవ్. దుకాణం పోచంపల్లి చీరలది. భూలక్ష్మి భర్త రామచంద్రం ఊళ్ళో మగ్గం తీసేసి, పట్నం వచ్చి పెట్టింది. ఆయన పోయాక బేరం బాగా పడిపోయింది. అటువంటి రోజుల్లో విజయశ్రీ ఒక స్టాండుకు ఫోను తగిలించి, చీరలు ఒక్కొక్కటే విప్పి చూపిస్తూ కెమెరాతో మాట్లాడటం మొదలుపెట్టింది. "నమస్తే అక్కలూ, బువ్వలు తిన్నరా?" అని ఆమె నవ్వుతూ అడగ్గానే కరీంనగర్ నుంచీ కర్నూలు నుంచీ దుబాయి నుంచీ ఆడవాళ్ళు వచ్చి చేరేవాళ్ళు. దుకాణం మళ్ళీ నిలబడింది.

భూలక్ష్మి మంచం మీద కాలు చాపుకుని ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసేది. పెళ్ళికి ముందు నుంచీ నూలుకు ముళ్ళు కట్టి రంగులద్దిన మనిషి కాబట్టి ఊరికే చూసి ఊరుకోలేకపోయేది. "కొంగు ఉల్టా పట్టినవ్ బిడ్డా", "ఆకుపచ్చ అంటవేంది, అది చిలకపచ్చ" అని వాయిస్ మెసేజ్‌లు పంపేది. విజయశ్రీ వాటిని లైవ్‌లోనే వినిపించి, "మా అత్తమ్మ. ఇంట్ల పండుకొని గూడ దుకాణం నడిపిస్తది" అనేది. కొందరు చీరల కోసం కాకుండా ఈ అత్తాకోడళ్ళ మాటల కోసమే చూసేవాళ్ళు.

శ్రావణమాసం వచ్చి బేరం ఊపందుకున్న రోజుల్లో భూలక్ష్మికి కోడలిలో ఏదో తేడా కనపడింది. నవ్వుతోంది, కానీ ఆ నవ్వు ఒక క్షణం ఆలస్యంగా వస్తోంది. ఎవరో రెండుసార్లు అడిగిన ప్రశ్న ఆమెకు వినపడలేదు. వంగపండు రంగును నీలం అంది. భూలక్ష్మి మెసేజ్ పంపితే దాన్ని వినిపించలేదు, సరిదిద్దుకోలేదు.

ఆ సాయంత్రం విజయశ్రీ వంటింట్లో టమాటాలు తరుగుతోంది. భూలక్ష్మి వాకరు సాయంతో గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"విజయా, పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న అత్తమ్మ. నిద్ర సరిపోతలేదు, గంతే."

"చీర చూపిస్తున్నవ్ గని, నువ్వు చీరను చూస్తలేవు బిడ్డా."

విజయశ్రీ కత్తి ఆపింది. ఏదో చెప్పబోయి, "కాలు నొప్పి పుడ్తది, పోయి కూసో" అని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

తనకు ఏమవుతోందో ఆమెకు తెలుసు. సహస్ర పుట్టిన కొత్తలో మొదటిసారి వచ్చింది ఆ దిగులు. కొన్ని నెలలుండి దానంతటదే పోయింది. మామగారు పోయిన ఏడాది మళ్ళీ వచ్చింది. ఈసారి పోలేదు. తల దువ్వుకోవడానికి చెయ్యి ఎత్తడం కూడా పెద్ద పనిలా తోచిన రోజుల్లో నరేష్ ఆమెను ఎల్బీనగర్‌లో బాపిరాజు అనే మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళాడు. ఆయన రోజుకో బిళ్ళ రాసి, నెమ్మదిగా మోతాదు పెంచాడు. కొన్ని వారాలకు విజయశ్రీ మళ్ళీ మనిషయింది. లైవ్ పెట్టాలన్న ఆలోచన కూడా అలా కోలుకున్నాకే వచ్చింది.

ఈ సంగతి భూలక్ష్మికి తెలియదు. వీధి చివర ఇంట్లో ఒక అమ్మాయి ఇలాంటి మందే వాడుతోందని తెలిసినప్పుడు ఆమె, "పిచ్చి గోలీలు మింగే పిల్లను ఎవడు చేస్కుంటడు?" అంది. పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న విజయశ్రీ ఆ మాట వింది. మర్నాడే తన బిళ్ళలన్నీ ఒక విటమిన్ డబ్బాలోకి మార్చేసింది. అత్త అడిగితే బలం గోలీలని చెప్పింది.

ఆపరేషన్ సమయంలో ఆ డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది. ఆసుపత్రిలో అత్త మంచం పక్కన బల్ల మీద పడుకున్న ఆ రోజుల్లో విజయశ్రీకి తల తిరిగేది. కళ్ళు పక్కకు తిప్పితే తలలో చిన్న కరెంటు పాకినట్టుండేది. నిద్ర లేక అనుకుంది, మందు ఆగినందుకని తట్టలేదు. ఇంటికి వచ్చాక అత్తకు తిండికి ముందు వేయాల్సినవి, తిన్నాక వేయాల్సినవి ఒక్కటి కూడా తప్పకుండా వేసింది. తన డబ్బా మాత్రం తెరవలేదు. ఆ కరెంటు పాకడం ఆగిపోయాక చాలారోజులు హాయిగానే గడిచాయి. ఇక మందుతో అవసరం తీరిందేమో అనుకుంది. నరేష్ ఎప్పుడైనా "గోలి ఏస్కుంటున్నవ్ కద?" అని అడిగితే "ఆ" అనేసేది.

తర్వాత ఒక పొద్దున టిఫిన్ డబ్బా మూత చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయింది. మూత పెట్టాలి. ఆ తర్వాత ఏం చేయాలో తోచలేదు. "అమ్మా, ఆటో వచ్చింది" అని సహస్ర కొంగు లాగేదాకా కదల్లేదు. ఆ రోజు నుంచీ మనసు మీద బరువు పెరుగుతూనే ఉంది. దుకాణంలో ఎర్రచీర, పసుపుచీర అన్నీ ఒకే నీళ్ళలో నానబెట్టి తీసినట్టు కనపడేవి.

డాక్టరు దగ్గరకు పోదామంటే సిగ్గు అడ్డొచ్చింది. నాకు చెప్పకుండా ఆపొద్దని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని పోవాలి? మందు మానేసినందుకే కదా ఇది వచ్చింది, మళ్ళీ వేసుకుంటే అదే పోతుంది అనుకుంది. ఎవరికీ చెప్పకుండా విటమిన్ డబ్బా తెరిచి, పాత మోతాదు మొత్తం ఒకేసారి వేసుకుంది.

మర్నాడు కడుపులో తిప్పింది, తలనొప్పి పట్టుకుంది. అయినా మానలేదు, ఆ రోజూ వేసుకుంది. తలనొప్పికి ఏదైనా వేసుకుందామని చూస్తే అత్త మందుల పెట్టెలో ఆపరేషన్ తర్వాత ఇచ్చిన నొప్పిబిళ్ళలు మిగిలి ఉన్నాయి. అత్త అంత పెద్ద నొప్పికే పనిచేసిన బిళ్ళ కదా అని ఒకటి మింగింది. మరునాడు పొద్దున ఇంకొకటి మింగి దుకాణానికి వెళ్ళింది.

ఆ రోజు నరేష్ సరుకు కోసం పోచంపల్లి వెళ్ళాడు. దుకాణంలో విజయశ్రీ, చాలా ఏళ్ళుగా అక్కడే పనిచేస్తున్న లింగస్వామి ఉన్నారు. ఎప్పటిలాగే లైవ్ మొదలయింది. ఎప్పటిలాగే భూలక్ష్మి ఫోను పట్టుకుంది.

కోడలు చీర కొంగు పైకెత్తి పట్టుకుంది. ఆ కొంగు గాలికి ఊగినట్టు వణుకుతోంది. ముఖం మీద నుంచి చెమట ధారగా కారుతోంది. "నమస్తే అక్కలూ" అని మొదట్లో అన్న మాటే మళ్ళీ అంది. కింది దవడ కదులుతోంది, మాట రావడం లేదు. తర్వాత ఆమె తెర మీద నుంచి పక్కకు జరిగిపోయింది. వెనకున్న చీరల అల్మారా మాత్రం కనపడుతోంది.

భూలక్ష్మి లింగస్వామికి ఫోన్ చేసింది.

"లింగస్వామీ, పిల్ల ఏది?"

"కూసోపెట్టిన అక్కా. చేతులు, కాళ్ళు మస్తు వణుకుతున్నయ్. నీళ్ళిస్తే గూడ తాగుతలేదు. ఎండదెబ్బ అనుకుంట."

"నీడపట్టున కూసున్నదానికి ఎండదెబ్బ ఏందిరా! పక్కనే ఉండు. నేనొస్తున్న."

"నువ్వా? నువ్వెట్లొస్తవ్ అక్కా?"

ఆమె అప్పటికే ఫోన్ పెట్టేసింది. కొడుక్కు చేసి చెప్పింది. తర్వాత కింది ఇంట్లో ఉండే పుష్పలతను గట్టిగా పిలిచింది. పుష్పలత ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఆ రోజు ఆమెకు సెలవు. పరుగున పైకి వచ్చి సంగతి వింది.

"నువ్వుండు పెద్దమ్మా, నేను పోయి చూసొస్త."

"నువ్వు గూడ రావాలె. నేను గూడ రావాలె."

"మెట్లు దిగనీకె డాక్టరు ఇంకా ఒప్పుకోలె కద?"

"ఆయన కోడలు గాదు గద ఆడున్నది."

ఒక చేత్తో పిట్టగోడ, ఇంకో చేత్తో పుష్పలత భుజం పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించుకుంటూ భూలక్ష్మి కిందకి దిగింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె గడప దాటడం అదే మొదటిసారి. ఆటోలో కాలు ముడుచుకోలేక అడ్డంగా చాపి కూర్చుంది. మీర్‌పేట దాటేదాకా ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా "జర నిమ్మళంగ కొడుకా" అని ఆటో అతన్ని బతిమాలింది. కర్మన్‌ఘాట్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయాక "గింత నిమ్మళమేంది, పోనియ్యి" అని తిట్టింది.

వాళ్ళు వెళ్ళేసరికి విజయశ్రీ దుకాణంలో పరుపు మీద గోడకానుకుని కూర్చుని ఉంది. మోకాళ్ళు ఆగకుండా అదురుతున్నాయి. అత్తను చూసి లేవబోయింది.

"అత్తమ్మా, నువ్వెందుకొచ్చినవ్? కాలు..."

"కాలు నాదే, నాతోనే ఉన్నది. నువ్వు కూసో."

పుష్పలత నాడి చూసింది. కళ్ళు చూసింది. నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"అక్కా, ఈ రెండు మూడు రోజులల్ల ఏమేం గోలీలు ఏస్కున్నవో అన్ని చెప్పు. ఒక్కటి గూడ దాచకు."

విజయశ్రీ పుష్పలత వైపు చూసి, అత్త వైపు చూసి, తల వంచుకుంది. భూలక్ష్మికి ఆ చూపు అర్థమయింది. నరేష్ చిన్నప్పుడు తండ్రి ముందు నోరు విప్పలేక సరిగ్గా అలాగే చూసేవాడు.

"లింగస్వామీ, నన్ను జర బయట కుర్చీల కూసోపెట్టు" అంది ఆమె. "నేను లేకుంటే చెప్తది."

ఆమె గోడ పట్టుకుని తిరగబోతుంటే విజయశ్రీ చెయ్యి చాపి ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

"ఉండు అత్తమ్మా. నువ్వు గూడ విను."

అంతా చెప్పింది. దిగులు, డాక్టరు, విటమిన్ డబ్బా, ఆసుపత్రిలో ఉన్నప్పుడు మానేయడం, మళ్ళీ మొత్తం ఒకేసారి వేసుకోవడం, తలనొప్పి, అత్త నొప్పిబిళ్ళ. చెప్పడం అయ్యాక కళ్ళెత్తకుండా కూర్చుంది.

"ఆ నొప్పిగోలి దీంతోటి కలవద్దు అక్కా" అంది పుష్పలత, ఫోనులో ఎవరినో పిలుస్తూనే. "అన్ని రోజులు బంద్ చేసి నిండు డోసు ఒక్కసారే ఏస్కున్నవ్. దాని మీద ఇది. ఇంటికి గాదు, సీదా దవాఖానకే పోదాం."

ఎల్బీనగర్ ఆసుపత్రికి పోతున్న ఆటోలో విజయశ్రీ ఇద్దరి మధ్య కూర్చుంది. భూలక్ష్మి కోడలి వణికే చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని ఉంది.

"బలం గోలీలంటివి" అంది. "నడవనీకె బలమొస్తదేమో, నేను గూడ రెండు ఏస్కుందామని రోజూ అనుకుంటున్న. డబ్బా మీది అటుక మీద పెట్టినవ్, అందలేదు. అందితే ఏమైతుండె?"

విజయశ్రీకి ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి.

ఆసుపత్రిలో డాక్టర్లు సెలైన్ పెట్టి, వణుకు తగ్గడానికి మందిచ్చి, గుండె కొట్టుకోవడం, జ్వరం చూస్తూ ఆ పూటంతా కనిపెట్టుకుని ఉన్నారు. సరైన సమయానికి తీసుకొచ్చారని చెప్పారు. పొద్దుగూకే వేళకు కాళ్ళు అదరడం ఆగింది. నరేష్ దుమ్ము కొట్టుకున్న ముఖంతో వచ్చి, మంచం పట్టీ పట్టుకుని నిలబడ్డాడు. తల్లి అతన్ని టీ తెమ్మని పంపించింది.

"నాకెందుకు చెప్పలె బిడ్డా?"

"నువ్వే అంటివి కద. పిచ్చి గోలీలు మింగే పిల్లను ఎవడు చేస్కుంటడని."

"నేనన్ననా?"

భూలక్ష్మి నిజంగానే గుర్తుకు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ఎప్పుడు అందో, ఎవరి గురించి అందో తట్టలేదు. తనకు ఒక్క నిమిషం కూడా గుర్తు లేని మాటను ఈ పిల్ల ఇన్నాళ్ళు మోసింది.

"అని ఉంట" అంది మెల్లగా. "నా నోరు ఊకోదు. మా అక్క గిట్లనే మగ్గం ఎనుకకు పోయి కూసునేది. రోజులకు రోజులు. దెయ్యం పట్టిందన్నరు, యాపాకుతోటి కొట్టిచ్చిన్రు. గప్పుడు గోలి ఉంటే ఎంత మంచిగుండు."

కోడలి జుట్టు నుదుటి మీద నుంచి వెనక్కి తోసింది.

మర్నాడు ఆసుపత్రి నుంచి పంపించాక ముగ్గురూ బాపిరాజు దగ్గరకు వెళ్ళారు. ఆయన భీమవరం వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడిన మనిషి, గొంతు ఎప్పుడూ పెంచడు. ముందు విజయశ్రీ ఒక్కదానితోనే మాట్లాడాడు.

"తిట్టను, భయపడకండమ్మా. మందు ఆపేసేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆపేశానని ఒక్క ఫోన్ చేసుంటే నిన్నటి గొడవ తప్పేది, అంతే" అన్నాడు. "ఇప్పుడొక మాట సూటిగా అడుగుతాను. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?"

"చచ్చిపోవాలని గాదు సార్. పొద్దున లేవకుంటే బాగుండు అనిపిస్తున్నది."

"చెప్పారు కదా, మంచిపని చేశారు. అది ఇంకొంచెం ముందుకెళ్ళి, ఏదైనా చేసుకోవాలనిపిస్తే పగలు రాత్రి చూడకుండా ఇంట్లో చెప్పండి. వెంటనే ఆసుపత్రికి రండి. నాకూ ఫోన్ చేయండి. ఈ సంగతి మీవాళ్ళతో చెప్పమంటారా?"

ఆమె ఒప్పుకుంది. ఆయన మిగతా ఇద్దరినీ లోపలికి పిలిచి, అదంతా వివరంగా చెప్పాడు.

"నొప్పిబిళ్ళ ఒంట్లోంచి పూర్తిగా పోనిద్దాం. మూడు రోజులు ఏ మందూ వద్దు. ఆ తర్వాత అన్నిటికంటే చిన్న బిళ్ళ రాస్తాను, అందులో సగం. వారం పోయాక చూసి పెంచుదాం."

"సగమా?" అంది భూలక్ష్మి. "ఇన్ని దినాలు బంద్ అయింది గద సారూ. తొందరగ మంచిగ కావాలంటే ఎక్కువ ఇయ్యాలె గద?"

"ఆపరేషన్ అయిన మర్నాడే మిమ్మల్ని మెట్లెక్కించారా అండీ?"

"యాడిది? మంచం దిగుతనంటేనే మొత్తుకున్నరు."

"ఇదీ అంతేనమ్మా. ఇదివరకు అంత మోతాదు అలవాటైన ఒళ్ళే, కానీ ఇన్ని వారాల్లో ఆ అలవాటు పోయింది. మళ్ళీ కింది నుంచి రావాలి." ఆయన విజయశ్రీ వైపు తిరిగాడు. "మొదట్లో కాస్త వికారంగా ఉండొచ్చు, ఒకచోట కూర్చోబుద్ధి కాకపోవచ్చు. తిన్నాక వేసుకోండి. గుణం వెంటనే తెలియదు, కొన్ని వారాలు పడుతుంది. పనిచేయట్లేదని మీరే పెంచొద్దు. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు. వరసగా కొన్ని రోజులు తప్పితే నాకు చెప్పకుండా మళ్ళీ మొదలుపెట్టొద్దు. దగ్గుకైనా, నొప్పికైనా వేరే మందు కావాలంటే ముందు అడగండి."

"నేను అడుగుతనే ఉన్న సార్" అన్నాడు నరేష్ నేలకేసి చూస్తూ. "ఆ అంటే నమ్మిన."

"అడగొద్దులెండి. వేసుకునేటప్పుడు పక్కన కూర్చోండి, చాలు."

ఆ ఉద్యోగం భూలక్ష్మి తీసుకుంది. పొద్దున ఉప్మానో దోసెలో తిన్నాక అత్తాకోడళ్ళు పక్కపక్కన కూర్చునేవారు. నరేష్ చిన్న బిళ్ళను మధ్య గీత దగ్గర విరిచి సగం భార్య చేతిలో పెట్టేవాడు. భూలక్ష్మి తన బీపీ బిళ్ళ తీసుకునేది. మంచినీళ్ళ గ్లాసు ఒక్కటే. "ముందు నువ్వు" అంటే "ముందు నువ్వు" అనుకునేవారు.

డాక్టరు చెప్పినట్టే మొదటి వారం విజయశ్రీకి కూర్చుంటే కాళ్ళు ఊరుకునేవి కావు. గదిలో అటూ ఇటూ తిరిగేది. అప్పటికి మోకాలి డాక్టరు కర్రతో మెట్లు దిగొచ్చన్నాడు కాబట్టి, భూలక్ష్మి చేతికర్ర తీసి, "పా, గల్లీల తిరుగుదాం" అనేది. ఒకరు వేగంగా నడవలేరు, ఒకరు ఆగి నిలబడలేరు. విజయశ్రీ ముందుకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి అత్తను కలుసుకునేది. అలా ఆ గల్లీలో అత్త ఒకసారి నడిస్తే కోడలు మూడుసార్లు నడిచేది. కిటికీలోంచి చూసి పుష్పలత చెయ్యి ఊపేది. ఒకసారి వీధి చివరి ఇంటావిడ ఆపి, కోడలికి ఏమయిందని అడిగింది.

"దిగులు జబ్బు. మందు ఏస్కుంటున్నది. నాకు మోకాలు లెక్క" అని చెప్పి, భూలక్ష్మి ముందుకు నడిచింది. ఇంటి మెట్ల దగ్గర విజయశ్రీ అత్త మోచెయ్యి పట్టుకుంది, ఎక్కడం అయిపోయాక కూడా వదల్లేదు.

దుకాణంలో లైవ్ ఆగిపోయింది. విజయక్క ఏదని ఫోన్లు వస్తున్నాయని నరేష్ ఒకరోజు భోజనాల దగ్గర అన్నాడు. భూలక్ష్మి చెయ్యి కడుక్కుని, "నేను కూసుంట" అంది. మోకాలి డాక్టరు దానికీ ఒప్పుకున్నాక కొడుకు ఆమెను కారులో తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టాడు. లింగస్వామి చీరలు అందించాడు. ఇంట్లో మంచం మీద విజయశ్రీ ఫోను తెరిచింది.

భూలక్ష్మి నమస్తే చెప్పలేదు, భోజనాలు అడగలేదు. "గీ చీర చూడున్రి" అని మొదలుపెట్టింది. ఎవరో తమ ఫొటో పంపి ఎరుపు బాగుంటుందా అని అడిగారు. "నీకు బాగుండది బిడ్డా. నువ్వు చామనచాయ, గీ ఆవపిండి రంగు తీస్కో" అంది. ఇంకెవరో రంగు పోతుందా అని అడిగితే, "ఎర్రది మొదటి ఉతుకుల జర దిగుతది. దిగదని చెప్పెటోళ్ళు అబద్ధం చెప్తరు" అంది. వెనక లింగస్వామి తల పట్టుకోవడం తెర మీద కనపడింది. విజయశ్రీ పెదవుల కొస కొద్దిగా కదిలింది. కానీ ఆ రోజు అంతకంటే నవ్వు రాలేదు. ఫోను ఛాతీ మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

అన్ని రోజులూ ముందుకే నడవలేదు. సగం గోలి నిండు గోలి అయ్యాక కూడా ఒక వారం ఏ మార్పూ లేనట్టే ఉంది. ఒక పొద్దున విజయశ్రీ స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. బయటికి వచ్చి, అత్త ముందు నేల మీద కూర్చుంది.

"ఇది పనిచేస్తలేదు అత్తమ్మా. పాత డోసే ఏస్కుంట. అదైతే పనిచేసింది కద."

భూలక్ష్మి మందుల డబ్బా లాక్కుందామా అనుకుంది. లాక్కోలేదు.

"నాకేం తెలుస్తది బిడ్డా, తెల్సినాయన్ని అడుగుదాం" అని ఫోను తీసి కోడలి చేతిలో పెట్టింది. "నువ్వే మాట్లాడు. నేనీడనే కూసుంట."

విజయశ్రీ చాలాసేపు ఫోను వైపు చూసి, నంబరు నొక్కింది. ఏడుస్తూనే చెప్పింది. బాపిరాజు అంతా విని, నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, లేవకపోతే బాగుండుననే ఆలోచన ఎలా ఉంది అని ఒక్కొక్కటే అడిగాడు. ఆ ఆలోచన ఈ మధ్య రాలేదని ఆమెకు చెబుతుండగానే తెలిసింది. "చూశారా, అదే ముందు పోతుంది చాలామందికి. మీకు తెలీకుండానే పోయింది. రేపు ఒకసారి రండి, చూసి పెంచుదాం" అన్నాడాయన.

ఆ బరువు ఎప్పుడు దిగిందో విజయశ్రీకే తెలియలేదు. ఒకరోజు సహస్ర జడ వేస్తూ రిబ్బను రంగు బాగులేదని మార్చింది. ఇంకో రోజు పప్పులో ఉప్పెక్కువైందని నరేష్ అంటే, "రేపటి సంది నువ్వే చెయ్యి" అని గట్టిగా అంది. పక్క గదిలో ఉన్న భూలక్ష్మి ఆ కేక విని, "అమ్మయ్య" అనుకుంది. బతుకమ్మ పండుగకు ముందు విజయశ్రీ మళ్ళీ దుకాణానికి వెళ్ళడం మొదలుపెట్టింది. మొదట్లో ఒక పూట, తర్వాత రెండు పూటలు. భూలక్ష్మి మాత్రం తన కుర్చీ ఖాళీ చేయలేదు.

దసరా అయ్యాక ఒక ఆదివారం నరేష్ అందరినీ కారులో ఎక్కించుకుని నాదర్‌గుల్ వైపు తీసుకువెళ్ళాడు. అక్కడ శిక్షణ కోసం ఎగిరే చిన్న విమానాలు చూపిస్తానని సహస్రకు మాట ఇచ్చాడు. ఆకాశంలో ఒక్కటీ లేదు. ఆదివారం ఎగరవేమో అన్నాడు. సహస్ర అలిగి కూర్చుంది.

తిరిగి వస్తుంటే దారి పక్కన ఒకామె గంపలో సీతాఫలాలు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఆపు, ఆపు" అంది విజయశ్రీ. బండి పూర్తిగా ఆగకముందే తలుపు తీసింది.

భూలక్ష్మి కూడా కర్ర పట్టుకుని దిగింది. ఒక్కో పండును వేలితో నొక్కి చూస్తూ, ఇవి పండలేదని, ఇవి మరీ మెత్తబడ్డాయని బేరమాడుతోంది. విజయశ్రీ ఆగలేదు. గంపలోంచి ఒక పండు తీసి, అక్కడే నిలబడి రెండుగా విప్పింది. తెల్లటి గుజ్జు వేళ్ళకు అంటుకుంది. గింజలు దూరంగా ఊస్తూ తింటోంది. అది చూసి సహస్ర అలక మరిచిపోయి కారు దిగింది.

"తియ్యగున్నదా?" అడిగింది భూలక్ష్మి.

విజయశ్రీ నిండు నోటితో తల ఊపింది. మణికట్టు దాకా కారిన రసాన్ని నాకింది. ఎన్నో రోజుల తర్వాత తియ్యదనం తియ్యగా తెలిసింది.

"ఇంకోటి ఇయ్యి అత్తమ్మా" అంది చెయ్యి చాపి. "మెత్తటిది చూసి ఇయ్యి."